నేను చూడని గ్రహణం

వడమాలపేట బళ్ళో సైన్సు టీచరును. ఆ నెల ఆకాశంలో ఏమేం కనబడతాయో చార్టు రాసి తరగతి గోడకు అంటించాను. తెల్లవారుజామున శుక్రుడు, గురుడు పక్కపక్కకు వస్తారు. ఉల్కలు రాలతాయి. చివర్లో భాద్రపద పున్నమికి సంపూర్ణ చంద్రగ్రహణం. కింద ఎర్ర స్కెచ్‌తో ఒక ముక్క చేర్చాను: గ్రహణం అందరూ చూడవచ్చు, కడుపుతో ఉన్నవాళ్ళు కూడా.

అప్పుడు నాకు ఐదో నెల. అంతకుముందు ఒకటి నిలవలేదు.

శుక్రుడి కోసం మూడు రోజులు అలారం పెట్టుకుని లేచాను. మూడు రోజులూ మబ్బే. పోనీ వాన పడుతుందా అంటే అదీ లేదు. ఉల్కల రాత్రి వెన్నెలా, దూరాన తిరుపతి దీపాల వెలుగూ కలిసి ఒక్కదాన్నీ కనబడనివ్వలేదు. "ఏమీ కనపళ్ళేదు టీచర్" అని పిల్లలు నిష్ఠూరమాడుతుంటే, ఆ మబ్బుల్ని నేనే తోలుకొచ్చినట్టు సంజాయిషీ చెప్పుకునేదాన్ని.

గ్రహణం నాడు మాత్రం ఆకాశం కడిగిపెట్టినట్టుంది. మా అత్త పొద్దున్నుంచే మొదలుపెట్టింది. నీళ్ళ బిందెలో, ఊరగాయ జాడీలో గరిక వేసింది. కత్తిపీట దాచేసింది. గదిలో చాప పరిచి, "విడిసేదాకా కదలకుండా పండుకో" అంది. నాకు ఒళ్ళు మండింది. పిల్లలకు అంత చెప్పి నేను కట్టెలా పడుకోవాలా? చంద్రుడి మీద భూమి నీడ పడితే నా బిడ్డకేమవుతుందని అరిచాను. ఆమె బయట గడియ పెట్టి పోయింది. రాత్రి గ్రహణం పట్టే వేళకు తనే వచ్చి తలుపు గడియ తీసింది.

"పో అమ్మా. సదువుకున్నదానివి, నీకు తెలీదా. సూసి రాపో."

మిద్దె మెట్లు మూడు ఎక్కాను. పోయిన బిడ్డ గుర్తొచ్చింది. నాలుగో మెట్టు ఎక్కలేకపోయాను. దిగి వచ్చి ఆ చాప మీదే వెల్లకిలా పడుకున్నాను. విడిచేదాకా కదల్లేదు. అత్తే పొమ్మన్నాక ఇక తిట్టడానికి కూడా ఎవరూ లేరని ఏడుపొచ్చింది.

మర్నాడు బళ్ళో పిల్లలు చుట్టుముట్టారు. "సెంద్రుడు ఎర్రగా అయిపోయినాడు టీచర్! మీరు సూసినారా?"

"చూశాను" అన్నాను.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి అందరూ వెళ్ళేదాకా ఆగి దగ్గరకొచ్చింది. "మా అక్కకు ఏడో నెల టీచర్. ఇంట్లో అందరూ వద్దన్నారు. మా టీచరమ్మ గూడా కడుపుతోనే సూస్తాదని చెప్పి నేనే మిద్దె మీదికి పిలుసుకోని పోయినాను. నాయన మాతో మాట్లాడ్డంలేదు. అక్క బయపడతా ఉండాది. ఏం కాదు కదా టీచర్?"

"ఏమీ కాదు" అన్నాను. అది నిజమే. ముందు రాత్రి మెట్ల మీద కూడా నాకా సంగతి తెలుసు.