రెండు పేటల దారం

ఎదురింటి ఇంటర్ అమ్మాయి నిన్న పుస్తకం పట్టుకొని వచ్చింది. "తాతా, మియోసిస్‌లో మొదటి విభజనకీ రెండోదానికీ తేడా చెప్పవా? మా సారు చెప్తాంటే నిద్రొచ్చేసింది" అంది. తిరుపతిలో ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి. నా క్లాసులో నిద్రపోయినవాళ్లూ తక్కువేం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ పాఠం దారాలతో చెప్పేవాణ్ణి. అక్కకు చెప్పాక మానేశాను.

అక్క నగరిలో మగ్గం నేసేది. కొడుక్కి నడక, మాట ఆలస్యమైతే మద్రాసులో పరీక్ష చేయించాం. ఇరవై ఒకటో క్రోమోజోములు రెండుండాల్సింది మూడున్నాయన్నారు. "అదెట్లయిందో నాకు తెలిసేట్టు చెప్పురా" అంది. ఆమె మగ్గం దగ్గరే రెండు పేటల దారాలు తీసుకున్నాను, ఎరుపొకటి, నీలమొకటి. ఎరుపు మన అమ్మ నీకిచ్చిన క్రోమోజోము, నీలం నాయన ఇచ్చింది అనుకోమన్నాను. అండం తయారయ్యేటప్పుడు, మొదటి విభజనలో ఈ రెండూ జంటగా చేరి, కొన్ని ముక్కలు మార్చుకొని, చెరో పక్కకు పోతాయి. అందుకే సంఖ్య సగమవుతుంది. రెండోదాంట్లో జంటలుండవు. ఒక్కో దారంలోని రెండు పేటలు విడిపోతాయంతే, సంఖ్య తగ్గదు. వీడి విషయంలో విడిపోవాల్సినవి విడిపోలేదు, ఎక్కువగా అండంలో, మొదటి విభజనలోనే అట్లా జరుగుతుంది, ఎవరి తప్పూ కాదన్నాను. బాగా చెప్పానని కొంచెం గర్వం కూడా.

అక్క ఎర్రదారం వేలికి చుట్టుకుంది. "గంజికి రెండు పోగులు అతుక్కుంటే సూసి విడదియ్యాల్సింది నేసేదే గదరా. నేనే సూసుకోలేదు."

దారం ముట్టుకోవడమే నా పొరపాటు. కంగారుగా ఇంకో మాట అందుకున్నాను. "ఆ మొదటి విభజన నువ్వు అమ్మ కడుపులో ఉండంగానే మొదలైందక్కా. ఆడే ఆగిపోయి, ఏండ్ల తర్వాత కదిలింది. నువ్వెట్ల సూస్తావు?"

"అయితే అమ్మ సూసుకోలేదంటావా? పోయిన మనిషిని యాలరా అనేది. నాదే అనుకో."

తర్వాత ఎన్నిసార్లు చెప్పినా అదే మాట. పోయిన వానాకాలం తను పోయేదాకా అదే మాట.

నిన్న ఆ పిల్లకు ఉత్త మాటల్తో చెప్పి పంపించాను. అంతా విన్న మేనల్లుడు దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ముప్పై దాటినవాడు, ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు. "మామా, నాకూ చెప్పు" అన్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అక్క పుట్టకముందే మొదలైన సంగతి అది. మాకు దొరికిన ముప్పై ఏళ్లూ ఆమెను ఒక్క మాట ఒప్పించడానికి చాలలేదు.