బోల్టు కింది రంగు

బొంతపల్లి నుంచి వస్తూ చాయ్‌కి ఆపిన పాత పికప్ మళ్లీ కదల్లేదు. తాళం తిప్పితే టక్కుమనడమే. నాకేమీ తెలియకపోయినా, డ్రైవర్‌తో కలిసి బ్యాటరీని తిట్టాను.

వెనక కూర్చున్న ముసలాయన దిగి, పానా అడిగి తీసుకున్నాడు. బ్యాటరీ తీగను ఛాసిస్‌కు బిగించిన బోల్టు విప్పి, అక్కడి రంగును తన ఇంటి తాళంచెవితో గీకసాగాడు.

"అరే చాచా, కొత్త రంగు! దసరాకు నేనే ఏసిన!" డ్రైవర్ లబోదిబోమన్నాడు.

"బోల్టు కింద గూడ పూసినవ్ బేటా. కరెంటు మర్లిపోయే తొవ్వ బందైంది."

బోల్టు బిగించగానే బండి ఒక్కసారికే అందుకుంది. ఆయన పటాన్‌చెరులో దిగిపోయాడు. పేరు మేమిద్దరం అడగలేదు.

చాలా ఏళ్లకు ముత్తంగిలో అదే బండి, అదే డ్రైవర్ కనబడ్డారు. బండికి మళ్లీ కొత్త రంగు. ఆగలేక వంగి చూశాను. బోల్టు చుట్టూ మాత్రం గుండీ అంత ఇనుమును రంగు వేయకుండా వదిలేశాడు.