గెడ్డలో ఆగిన జీపు

నాలుగేళ్ళ క్రితం గజపతినగరంలో మూతపడిన ఒక రైసు మిల్లు వెనక, ఊక గుట్టల పక్కన, టార్పాలిన్ కప్పిన జీపు ఒకటి చూశాను. వేరే పని మీద వెళ్ళినవాణ్ణి. టార్పాలిన్ ఎత్తి చూశాక ఆ పని మరిచిపోయాను. మూడు వారాల తర్వాత దాన్ని లారీ మీద తెచ్చి అరసవల్లిలో మా ఇంటి ముందు దింపించాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి, "ఇది మనల్ని మోస్తాదా, మనం దీన్ని మొయ్యాలా?" అని అడిగి లోపలికి వెళ్ళిపోయింది.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ఘర్షణ, జడత్వం అని ఎన్నో ఏళ్ళుగా బోర్డు మీద రాస్తున్నాను గాని, అవేమిటో ఈ జీపు తోలాకే నా ఒంటికి తెలిశాయి. మలుపు తిరగాలంటే చేతులతో పాటు భుజాలూ తిరగాలి. బ్రేకు తొక్కితే వెంటనే ఆగదు, కాబట్టి ఎక్కడ ఆగాలో చాలా ముందుగానే ఆలోచించుకోవాలి. కదులుతుండగా మొదటి గేరులోకి దించాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో కొంచెం యాక్సిలేటరు ఇవ్వాలి. ఆ లెక్క తప్పితే లోపల పళ్ళు గీరుకుంటాయి, రోడ్డు మీదున్న వాళ్ళంతా తిరిగి చూస్తారు. ఇంజను పాత పెట్రోలుది. డీజిలుది వేయించుకోమని చాలామంది చెప్పారు. నేను వేయించలేదు.

యాభై దాటి వేగం లేదు. మొదటి ఏడాది ఆటోలు కూడా దాటుకుపోతుంటే చిన్నతనంగా ఉండేది. తర్వాత అలవాటైంది. ఏ ఊరి పొలంలో ఊడ్పులు అయ్యాయో, ఎక్కడ ఇంకా గోగు వేస్తున్నారో నాకు తెలియసాగింది. ఒక ఆదివారం మా ఆవిడ తనే వచ్చి ముందు సీట్లో కూర్చుంది. ఎందుకని నేను అడగలేదు.

జీపు వెనక భాగంలో, టాపును మోసే ఇనుప కమ్మీకి ఒక కొక్కెం వెల్డింగు చేసి ఉండేది. మిల్లువాళ్ళని అడిగితే వాళ్ళు కొనేనాటికే అది ఉందన్నారు. నేను దానికి నీళ్ళ సీసా సంచీ తగిలించేవాణ్ణి.

కిందటి చలికాలం నేనూ మా ఆవిడా రామతీర్థం వెళ్ళాం. కొండ దిగి వచ్చేసరికి డెబ్బై ఏళ్ళ పెద్దావిడ ఒకామె జీపు వెనక నిలబడి ఉంది. నేత చీర, చేతిలో ప్రసాదం పొట్లం. రెండో చెయ్యి లోపలికి చాచి ఆ కొక్కేన్ని పట్టుకుని ఉంది. మమ్మల్ని చూసి చెయ్యి తియ్యలేదు.

"ఇది సెలైన్ సీసాకి పెట్టింది బాబూ," అంది. "నాకోసం పెట్టించినారు."

పక్కనే అరుగు మీద కూర్చుని ఆమె తన సంగతి చెప్పింది. కొండల కింద ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేసిందట. ఈ జీపు ఆ ఆసుపత్రిది. దీనికో డ్రైవరు ఉండేవాడు. కొండ దారిలో సీసా చేత్తో ఎత్తి పట్టుకుని ఆమె చెయ్యి తిమ్మిరెక్కిపోతోందని, అతనే ఒకరోజు ఎక్కడికో తీసుకెళ్ళి ఆ కొక్కెం వేయించుకొచ్చాడు. అడక్కుండా చేసిన పని.

ఒక వానాకాలం పై ఊరి నుంచి కాన్పు కష్టమైన మనిషిని దింపుకొస్తున్నారు. దారికి అడ్డంగా పారే గెడ్డ పొంగింది. ఒక గంట ఆగుదాం, నీరు తీస్తుందన్నాడు డ్రైవరు. ఆగితే తల్లి దక్కదు, దించమంది ఈమె. అతను దించాడు. సరిగ్గా నడిమధ్య ఇంజను ఆగిపోయింది. అవతలి గట్టు నుంచి మనుషులు మంచం తెచ్చి ఆ గర్భిణిని దాని మీద మోసుకుపోయేసరికి చాలాసేపైంది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

తర్వాత ఆసుపత్రి పైవాళ్ళు వచ్చి, నీళ్ళలోకి దించమన్నది ఎవరని అడిగారు. ఆమె ఏమీ మాట్లాడలేదు. అప్పుడే ఉద్యోగం ఖాయమైందట, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలట. డ్రైవరు కూడా మాట్లాడలేదు. తప్పు అతని మీద రాశారు. అతని పని పోయింది.

ఇదంతా చెప్పి ఆమె ఒక్కటే అడిగింది. ఆ డ్రైవరు గజపతినగరం దాటాక ఒక ఊళ్ళో ఉన్నాడు, ఈ జీపులో తనను అక్కడికి తీసుకెళ్ళగలనా అని. ఆ ఊరు బస్సులు తిరిగే ఊరే. మరి ఇందులోనే ఎందుకని నేను అడిగాను.

"బస్సు దిగి నడిసెల్తే ఆయనకి నా మొకం ఒక్కటే కనిపిస్తాది," అంది. "ఇది ఉంటే ముందు దీన్ని సూస్తాడు."

నాకు వెనకాడాలనిపించింది. ఇద్దరి మధ్య అన్నేళ్ళుగా ఉన్న సంగతిలోకి, మిల్లు వెనక ఇనుము కొనుక్కున్నవాణ్ణి, నేనెవరిని వెళ్ళడానికి? కానీ మా ఆవిడ అప్పటికే ఆమె ఫోను నంబరు రాసుకుంటోంది.

తర్వాతి ఆదివారం ఆమెను విజయనగరంలో ఎక్కించుకున్నాం. మా ఆవిడ వెనక్కి వెళ్ళి ఆమెకు ముందు సీటు ఇచ్చింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అందులో డాక్టరు కూర్చునేవాడట, ఆమె ఎప్పుడూ వెనకే. దారిలో రెండే మాటలు మాట్లాడింది. ఒకటి, చప్పుడు అలాగే ఉందని. రెండోది, ఊరు దగ్గర పడుతుంటే కాస్త నెమ్మదిగా పొమ్మని. అప్పటికే నేను ముప్పైలో ఉన్నాను.

ఆ ఇల్లు ఊరి చివర, చోడి చేను పక్కన ఉంది. మేం ఆగేసరికే అతను వీధిలోకి వచ్చేశాడు. సన్నటి మనిషి, భుజం మీద తువ్వాలు. కళ్ళకు శుక్లాలు కమ్మినట్టు తెలుస్తూనే ఉంది. ఆమె అనుకున్నట్టే ముందు జీపు దగ్గరికి వెళ్ళాడు. బానెట్ మీద చెయ్యి వేశాడు. దీపాల చుట్టూ తడిమాడు. ఎవరు తోలుతున్నారని అడిగితే నేనేనన్నాను. మొదటి గేరు గీరుకుంటోంది, ఊరి మొదట్లోనే వినబడిందన్నాడు.

అప్పుడు ఆమె దిగింది. తువ్వాలు భుజం మీంచి తీసి అతను చేత్తో పట్టుకున్నాడు.

"అన్నా, ఆ దినం గెడ్డలోకి దించమన్నది నాను," అందామె. "అడిగినప్పుడు నాను సెప్పలేదు."

"తెలుసు," అన్నాడతను. చేతిలో తువ్వాలు మడత పెడుతూ, "నువ్వు సెప్తావని రెండేళ్ళు సూసినాను సిస్టరమ్మా. తరవాత సూడ్డం మానేసినాను," అన్నాడు.

ఆ మాటలో కోపం లేదు. అందుకే వినడం కష్టమైంది. మా ఆవిడ చేను వైపు తిరిగి నిలబడింది. లోపలి నుంచి అతని కోడలు వచ్చి మంచం వాల్చింది గాని ఎవరం కూర్చోలేదు. ఆ తల్లి ఉందా అని అతను అడిగాడు. ఉంది, ఆ తర్వాత ఇద్దరు పుట్టారు, సంతలో కనిపిస్తుంటుందని ఈమె చెప్పింది. అతను తలూపాడు.

తర్వాత నా వైపు తిరిగి బానెట్ ఎత్తమన్నాడు. ఎత్తాను. చేతిని లోపలికి పోనిచ్చి, చూడకుండానే, ఫ్యాను బెల్టు పట్టుకున్నాడు.

"నీళ్ళలో దిగే ముందర దీన్ని తీసియ్యాల బాబూ. లేకపోతే ఫ్యాను నీళ్ళని ఎగజిమ్మి కరెంటు తీగల మీద కొడతాది. ఇంజను ఆగిపోద్ది." నాకు చెబుతున్నట్టే చెప్పాడు గాని, గొంతు కాస్త పెంచాడు. "పదేళ్ళు తీసి దిగినాను. ఆ దినం ఆయమ్మ తొందరపెడతంటే మర్సిపోయినాను. అది నానూ ఎవలికీ సెప్పలేదు."

ఆమె అప్పుడు మంచం మీద కూర్చుంది. అతను బెల్టు వదిలి, చేతికంటిన మసి తువ్వాలుకి తుడుచుకుని, మంచానికి అటు చివర కూర్చున్నాడు. మేమిద్దరం చేను గట్టు దాకా నడిచి వెళ్ళిపోయాం. వాళ్ళేం మాట్లాడుకున్నారో తెలియదు. అరగంట తర్వాత తిరిగి వచ్చేసరికి కోడలు టీ ఇస్తోంది, ఈమె అతని రెప్ప పైకెత్తి కంట్లోకి చూస్తోంది.

ఆ రోజు ఆమెను విజయనగరంలో దింపి వస్తూ అదే ఆలోచించాను. తప్పు తనదేనని ఆమె, తనది కూడానని అతను, చెరో ఊళ్ళో ఇన్నేళ్ళూ మోశారు. అప్పుడే ఒకరికొకరు చెప్పుకుని ఉంటే అతని ఉద్యోగం నిలిచేదా? నిలిచేది కాదేమో. పైవాళ్ళకు ఎవరో ఒకరు కావాలి. కానీ ఆ రెండేళ్ళు అతను ఎదురుచూడాల్సిన పని ఉండేది కాదు. మా ఆవిడ మాత్రం, ఇద్దరిలో ఆ నర్సుకే ఎక్కువ కష్టమైందంది. నాకలా అనిపించలేదు. దాని మీద మేమిద్దరం ఇప్పటికీ ఒక మాటకు రాలేదు.

ఎండాకాలం మొదట్లో అటు వెళ్ళినప్పుడు ఆగాను. అతను నల్లద్దాలు పెట్టుకుని నీడలో కూర్చున్నాడు. విజయనగరంలో ఆపరేషను ఆమే దగ్గరుండి చేయించిందట. రోజూ ఫోను చేసి చుక్కల మందు వేసుకున్నావా అని అడుగుతుందని, వేసుకోలేదంటే తిడుతుందని, పక్కింటివాళ్ళకు కూడా వినబడేలా నాతో ఫిర్యాదు చేశాడు.