నల్లోడు తిన్న ద్రాక్ష

నా చిన్నప్పుడు శంషాబాద్ పక్కన మా ఊరు సాతంరాయి చుట్టూ ద్రాక్షతోటలుండేవంటే ఇప్పుడెవరూ నమ్మరు. మా తోట ఉన్నచోట ఇవాళ ఎయిర్‌పోర్టుకు వచ్చేవాళ్లు కార్లు నిలుపుకుంటున్నారు. ఆ తోటకు యజమాని మా తాత, కాపలాదారు నల్లోడు. నల్లోడంటే మా కుక్క. వాణ్ణి కుక్క అని పిలిస్తే తాతకు కోపం వచ్చేది, అందుకే ఇప్పటికీ నా నోట ‘వాడు’ అనే వస్తుంది.

తోటలో ఒక కట్టుబాటు ఉండేది. రాలిన పండ్లు పిల్లలవి, తీగ మీది గుత్తులు మార్కెట్టువి. గుత్తి ముట్టుకుంటే మా బాపు మా వీపులు విమానం మోత మోగించేవాడు. తాత కందుకూరుకు పెళ్లికి పోయిన రోజున నేను రెండు మంచి గుత్తులు తెంపాను. ఏడాదంతా కాపలా కాసేవాడికి ఒక్క పండూ దక్కదా అని నా బాధ. నాలుగు నేను తిని, మిగతావన్నీ నల్లోడికి పెట్టాను. వాడు తోక ఊపుకుంటూ తిన్నాడు.

తెల్లారేసరికి వాడు కక్కడం మొదలుపెట్టాడు. నానమ్మ ఒక్క చూపులో తేల్చేసింది, ఎవరో మందు పెట్టారని. అంతకు రెండ్రోజుల ముందే నల్లోడు పక్కింటి అక్క కోడిని పట్టాడు. ఇంకేం కావాలి? “నీ చేతులు పడిపోను, నోరులేని జీవికి మందు పెడ్తవా!” అని గోడ మీదుగా ఆమెకు శాపనార్థాలు పెట్టింది. పాపం, ఆ అక్క ఏడుస్తూ లోపలికి పోయి తలుపేసుకుంది.

విషం మింగినవాళ్లకు చింతపండు రసం పోయడం మా వైపు అలవాటు. నానమ్మ చిక్కగా పిసికింది, బాపు నోరు తెరిచి పట్టుకున్నాడు, నేను వాడి వెనకకాళ్లు పట్టుకున్నాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మర్నాడూ అంతే. ఇంట్లో అందరిదీ ఒకటే మాట, “ఎవరు పెట్టిండ్రు?” అని. ఏం తిన్నాడని ఒక్కరూ అడగలేదు. నాకు తెలుసు, అయినా దెబ్బలకు జడిసి నోరు విప్పలేదు. ఛీ, ఎంత పిరికిదాన్ని!

మూడోనాడు తాత వచ్చాడు. నల్లోడి పక్కన కూర్చుని పొట్ట తడిమి, తర్వాత నా మొహం చూశాడు.

“ఏం తిన్నడు బిడ్డా? చెప్పు, ఎవ్వలు కొట్టరు.”

చెప్పేశాను. తాత బండి కట్టి, నల్లోడితో పాటు నన్ను కూడా ఎక్కించుకుని, రాజేంద్రనగర్‌లో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ద్రాక్షతోటల కుక్కలు ఇట్లా పోవడం ఆయన ముందే చూశాడట, ఎందుకో మాత్రం తెలియదన్నాడు. “మొదటి దినమే చెప్తే కక్కించి సెలైన్ పెడ్తుంటి. ఇగ మూత్రం బందైంది” అన్నాడు. తిరిగి వస్తుంటే దారిలోనే, నల్లోడు నా ఒళ్లో ప్రాణం విడిచాడు.

తాత నన్ను కొట్టలేదు, తిట్టలేదు. వాణ్ణి పాతిపెట్టాక నా చెయ్యి పట్టుకుని పక్కింటి గుమ్మం ముందు నిలబెట్టి, నువ్వే చెప్పమన్నాడు. అక్క తలుపు తీసింది. రెండ్రోజులుగా ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయాయి. నేను నోరు తెరవకముందే అడిగింది, “నల్లోడు ఎట్లున్నడు బిడ్డా?” అని.

సిగ్గుతో చచ్చిపోయాను. ఎక్కిళ్ల మధ్య ఎట్లాగో అంతా చెప్పాను. అక్క గడప మీద కూలబడి నన్ను దగ్గరికి తీసుకుంది. తాత మా తరఫున చేతులు జోడించాడు.

కథ అంతటితో అయిపోయిందనుకున్నాను. పోయినేడు మనవరాలి కుక్కపిల్లకు సూది వేయించడానికి శంషాబాద్‌లో డాక్టరు దగ్గరికి పోతే, ఆ డాక్టరమ్మ కుక్కలకు ఏమేం పెట్టకూడదో చెప్పింది. ఉల్లిగడ్డ, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్. చివర్లో చింతపండు కూడా అంది. ద్రాక్షలో కుక్కను చంపే పులుపే చింతపండులోనూ ఉందట. నేను నోరు విప్పనందుకు ఇంటిల్లిపాదీ కలిసి వాడికి మళ్లీ మళ్లీ విషమే పోశామన్నమాట.

మొన్న మనవరాలు గుప్పిట్లో చాక్లెట్ కాగితం దాచుకుని మూలన నిలబడింది. కుక్కపిల్ల మూతి నాక్కుంటోంది. కోడలు “ఎవరు పెట్టిన్రు?” అని అరవబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. పిల్ల పక్కన నేల మీద కూర్చుని, తాత అడిగినట్టే అడిగాను.

“ఎంత తిన్నది బిడ్డా? చెప్పు, ఎవ్వలు కొట్టరు.”

పిల్ల గుప్పిట విప్పింది.