పుస్తకాల బీరువా మీది మనీ ప్లాంట్

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు.

అవ్వకు జ్వరం రావడానికి పది రోజుల ముందు, పెరంబూరులోని మా ఇంటికి దోమల తనిఖీ కోసం కార్పొరేషన్ నుంచి ఒకామె వచ్చింది. టార్చి వేసి బాత్‌రూమ్‌లో బకెట్లు, ఫ్రిజ్ వెనక ట్రే చూసింది. తర్వాత నా గది తలుపు వైపు చెయ్యి చూపించి, లోపల నీళ్ళలో పెట్టిన మొక్కలేమైనా ఉన్నాయా అని తమిళంలో అడిగింది.

"ఇల్లె" అన్నాను.

ఉంది. బీరువా మీద గాజు సీసాలో మనీ ప్లాంట్. దాని తీగ రెండు అరలు దిగి నా డైరీల మీద వాలి ఉంటుంది. సీసాలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతుండటం ముందురోజే చూశాను. అయినా లేదన్నాను. మంచం నిండా పుస్తకాలు, వాటి మధ్య తెరిచి పెట్టిన డైరీ. కొత్త మనిషి అవన్నీ చూస్తుందని సిగ్గేసింది. వేరే కారణం ఏమీ లేదు.

ఆమె వెళ్ళాకైనా నీళ్ళు పారబోయవలసింది. ఆరోజు మంగళవారం. మంగళ, శుక్రవారాల్లో మనీ ప్లాంట్ నీళ్ళు పారబోస్తే లక్ష్మి పోతుందని మా ఇంట్లో పట్టింపు. మిగతా రోజుల్లో నాకు ఆఫీసు, బద్ధకం. నీళ్ళు తగ్గినప్పుడల్లా పైన మరి కాసిని పోసేదాన్ని. వేళ్ళు తెల్లగా, ఆకులు పచ్చగా కనిపిస్తే మొక్కను బాగా చూసుకుంటున్నాననుకున్నాను. అవ్వ రోజూ మధ్యాహ్నం పడుకునేది ఆ గదిలోనే.

ఒకరోజు పొద్దున అవ్వ కాఫీ సగం తాగి వదిలేసింది. నాకు తెలిసి అవ్వ కాఫీ మిగల్చడం అదే మొదలు. "కండ్ల ఎనక నొప్పి పాపా, ఒళ్ళంతా ఎవురో దంచినట్టుంది" అంది. మూడో రోజు ఎన్‌ఎస్‌వన్ టెస్ట్ పాజిటివ్ వచ్చింది. డెంగీ.

"ఇంట్లో ఎక్కడైనా నీళ్ళు నిలుస్తాయా?" అని డాక్టరమ్మ అడిగింది.

"లేదు డాక్టర్" అన్నాను. రెండోసారి.

అవ్వను ఆస్పత్రిలో చేర్చాక బట్టలు తేవడానికి ఇంటికి వెళ్ళినప్పుడు సీసాను మేడ మీదికి తీసుకెళ్ళి, ఎండకు కాలిపోతున్న సిమెంటు మీద బోర్లించాను. ఆ పురుగులు కదలడం మానేదాకా అక్కడే నిలబడ్డాను.

అయిదో రోజు జ్వరం తగ్గింది. అవ్వ ఇడ్లీ అడిగింది. ఇంటికి పంపిస్తారనుకున్నాను. "జ్వరం తగ్గిందని సంతోషపడకమ్మా, క్రిటికల్ ఫేజ్ ఇప్పుడే మొదలు" అంది డాక్టరమ్మ. ఆ సాయంత్రమే కడుపునొప్పి, వాంతులు. చిగుళ్ళ నుంచి రక్తం. చేతులు మంచులా చల్లబడ్డాయి. ప్లాస్మా లీకేజ్, రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతోంది అన్నారు, ఐవీ ఫ్లూయిడ్స్ పెంచి ఐసీయూకి మార్చారు. బయట బెంచీ మీద కూర్చుని, అవ్వ పోతే ఈ మాట ఎవరికి చెప్పుకోవాలి అని ఆలోచించాను. అప్పుడు కూడా నా గురించే ఆలోచించానని తర్వాత తెలిసింది.

రెండు రోజులకు ప్లేట్‌లెట్స్ పెరగడం మొదలైంది. ఇంటికి వచ్చాక కూడా చాలా వారాలు అవ్వ గోడ పట్టుకునే నడిచింది. జుట్టు ఊడింది. ఇప్పుడు బాగానే ఉంది, కాఫీ మిగల్చడం లేదు. ఆ దోమ నా సీసాలోదేనని ఎవరూ తేల్చి చెప్పలేరు. కాదని నేను చెప్పుకోలేను.

పెద్ద తీగను మట్టి కుండీలోకి మార్చాను. కింద పళ్ళెంలో నీళ్ళు నిలవనివ్వను. వేలితో తాకి, పైమట్టి ఆరితేనే నీళ్ళు పోస్తాను. అవ్వ అడిగిందని ఒక్క కొమ్మ మాత్రం సీసాలో ఉంచాను. మీ ఇంట్లోనూ నీళ్ళలో పెంచుతుంటే నేను చెప్పగలిగింది ఒక్కటే. పైన నీళ్ళు కలిపి ఊరుకోకండి. నాలుగు రోజులకోసారి మొత్తం పారబోసి, వేళ్ళు కడిగి, సీసా లోపలి గోడలను పీచుతో రుద్దండి. దోమ గుడ్లు గాజుకు అంటుకుని ఉంటాయి, ఉత్తినే నీళ్ళతో తొలిపితే పోవు.

మొన్న సీసా కడిగే రోజు శుక్రవారం పడింది. సింకు దగ్గర ఆగిపోయాను. వెనక నుంచి అవ్వ అంది:

"పారబొయ్యి, ఏం కాదు. ఆ పొద్దు నువ్వు ఆమెతో ఇల్లె అన్నప్పుడు నేను ఈడనే కూచోనుంటి, వింటి. నీకు సిగ్గని నేనూ నోరు తెరవలా. ఈసారి ఆమె వస్తే తలుపు నేను తీస్తా. నువ్వు మంచం సర్దుకో."