సంతోషమ్మ కట్టిన గోనెపట్ట

బిడ్డను పట్టడానికి సంతోషమ్మ చేతులు కావాలి. ఆ చేతులు తాకిన చెంబు మాత్రం పెరట్లోనే పడి ఉండాలి. పులివెందుల దగ్గరి ఒక పెద్దింటికి మంత్రసానిగా ఆమె దొడ్డివాకిట్లోంచే వచ్చి దొడ్డివాకిట్లోంచే పోయేది. ఇరవై ఏండ్లు నోరెత్తలేదు. 1957లో ఆ అలవాటే ఒక పిల్లను కొట్టించింది.

ఇంటి కోడలు రామలక్ష్మమ్మకు తొలి కాన్పులో మగబిడ్డ పుట్టాడు. బాలింతకు గాలి సోకకూడదని సంతోషమ్మే కిటికీకి గోనెపట్ట కట్టి, సందుల్లో పేడ మెత్తింది. లోపల ఆముదం దీపమొకటే. రాత్రీ అదే, పగలూ అదే.

పదహారో రోజున ఒళ్ళు రుద్దుతుంటే రామలక్ష్మమ్మ అడిగింది. "సంతోషమ్మా, ఇప్పుడు పొద్దా, మాపా?"

"పొద్దెక్కి శానా సేపయిందమ్మా."

"రేత్రంతా నిద్దరే రాలేదు. ఇప్పుడేమో కండ్లు మూతలు పడతాండాయి. నాకేమన్నా అయితాందా?"

సంతోషమ్మకు జవాబు తెలుసు. కడపలో నెలరోజులు కాన్పుల పని నేర్పిన నర్సు తెల్లారగానే కిటికీలన్నీ బార్లా తెరిచేది. ఒంట్లో ఒక గడియారముందని, కంట్లో వెలుగు పడితేనే దానికి పగలని తెలుస్తుందని, ఒంట్లో ఊరే రసాలు దాని ప్రకారమే నడుస్తాయని చెప్పేది. ఆ మాట అత్త మహాదేవమ్మతో అంటే, వచ్చే కాన్పుకు పిలవకపోతే? మింగేసింది.

రాత్రంతా మేలుకుని పగలు తూగే కోడలికి దయ్యం పట్టిందని మహాదేవమ్మ కబురంపితే, మూడోనాడు భూతవైద్యుడు నాగన్న వచ్చి ఆ పిల్లను వేపమండలతో బాదాడు.

"దయ్యం ఇంకా పోలేదు. రేపు బండి కట్టి దీన్ని పుట్టింట్లో దింపుతాం. బిడ్డ ఈడనే ఉంటాడు," అంది మహాదేవమ్మ.

బాలింత బిడ్డను రొమ్ముకు హత్తుకుంది. సంతోషమ్మ గోనె పీకి పారేసింది.

"ఏమే, కొవ్వెక్కిందా? కట్టింది నువ్వే గదా!"

"నేనే కట్టినా. తప్పు నాదే. దయ్యమూ లేదు, ఏమీ లేదు. వారం దినాలు పొద్దున్నే ఈ పిల్లను వాకిట్లో కూసోబెట్టమ్మా. అప్పటికీ నిద్ర పట్టకుంటే నన్నీ గడప తొక్కనీయొద్దు."

"నువ్వెప్పుడు తొక్కినావే మా గడప?"

అని ఈసడించింది గానీ, మనవడికి పాలు కావాలి కదా, బండి ఆపించింది.

రోజూ పొద్దున్నే వాకిట్లో కూర్చున్న రామలక్ష్మమ్మ ఎనిమిదోనాటికి రాత్రిపూట కంటినిండా నిద్రపోయింది. నిద్ర పట్టనిది సంతోషమ్మకే. ఆ వీపు మీది చారలకు నూనె రాసింది ఆమె చేతులే మరి. అంతకు ముందు గోనె కట్టిన ఇండ్లన్నీ గుర్తొచ్చాయి. 'పిచ్చిది' అని బాలింతగానే పుట్టింటికి తోలేసిన లక్ష్మీదేవి ఇల్లు కూడా వాటిలో ఉంది.

తను కట్టిన పట్టల్ని తనే ఇల్లిల్లూ తిరిగి పీకింది. మిగిలినవి మీ ఇండ్లలో ఉన్నాయి. బాలింత ఉంటే ఇప్పుడే లేవండి, ఆ గోనె తీసేయండి, పొద్దుటి వెలుగు ఆమె కండ్లకు తగలనీయండి. మంత్రసాని వస్తే ముందువాకిలే తెరవండి.