చెప్పుల స్టాండులో వాకర్

ఆ రోజు ఫలక్‌నుమా బస్సు కిక్కిరిసి ఉంది. వాకర్ ఊతంతో ఎక్కిన ఒక పెద్దమ్మను నా పక్కన కూర్చోబెట్టాను. దారికి అడ్డమని ఆ వాకర్‌ను నేనే అందుకుని, జనం చేతుల మీదుగా బస్సు వెనక్కి పంపించాను.

బోనాల పందిరి నుంచి వస్తున్నానంది ఆమె.

"ఆడ పందిట్ల కూసోంగనే నా వాకర్ తీస్కపోయి చెప్పుల స్టాండ్ల పెట్టిన్రు బిడ్డా. రోడ్డు మీద నడిచింది గద, అమ్మవారి ముంగట ఉండొద్దంట. టోకెన్ చేతిల పెట్టిన్రు. నా మనుమరాలు బోనమెత్తుకొని వచ్చేటాల్లకు అందరు లేచి నిలబడ్డరు. నాకు ఈపులే కనబడ్డయి."

"వద్దని చెప్పలేకపోయారా?"

"సాయం చేస్తున్నమనుకుంటరు. ఏమని చెప్పాలె?"

నేను వాకర్ కోసం వెనక్కి చూశాను.

ఆమె దిగాల్సిన జహనుమా స్టాప్ వచ్చింది. ఆమె ముందు సీటు పట్టుకుని లేవబోయి మళ్ళీ కూలబడింది. వాకర్ ఇవ్వమని వెనక్కి తిరిగి అరిచాను. అది తలల మీదుగా సగం దూరం వచ్చేసరికి బస్సు కదిలింది. ఆపమన్న నా కేక కండక్టర్ దాకా పోలేదు.

"ఫికర్ జెయ్యకు బిడ్డా, ముంగటి స్టాప్‌ల దిగుత," అంది.

అక్కడి నుంచి ఆమె వెనక్కి నడవాలి. ఎంత మెల్లగా నడుస్తుందో ఎక్కేటప్పుడే చూశాను.